చెప్పాల్సినవాళ్ల మౌనం, అమ్ముకున్నవాళ్ల లాభం

1945లో అమెరికాలో విడుదలైన ‘మామ్ అండ్ డాడ్’ అనే చిత్రంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. జోన్ బ్లేక్ అనే హైస్కూలు అమ్మాయి తల్లి దగ్గరకు వచ్చి, ఆడపిల్లలు ఆరోగ్యం గురించి చదువుకోవడానికి పుస్తకాలేమైనా ఉంటే ఇమ్మని అడుగుతుంది. పెళ్లికాని పిల్లకు అవెందుకన్న ధోరణిలో తల్లి ఆ మాటను అక్కడితో తుంచేస్తుంది. తరువాత కథ మనం ఊహించే దారిలోనే నడుస్తుంది. జోన్ ఒక విమాన చోదకుడి తియ్యటి మాటలు నమ్ముతుంది, అతడు విమాన ప్రమాదంలో మరణిస్తాడు, తాను గర్భవతినని ఆమె తెలుసుకుంటుంది, ఎవరికి చెప్పుకోవాలో తోచక చివరకు ఒక ఉపాధ్యాయుణ్ణి ఆశ్రయిస్తుంది. పిల్లలకు శరీర ధర్మాలు బోధించాడన్న కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్న ఉపాధ్యాయుడు ఆయన. నటన అంతంతమాత్రం, సెట్టింగులు చవకబారువి. అయినా తల్లీకూతుళ్ల ఆ సన్నివేశం దగ్గర నేను చిత్రాన్ని ఆపి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నేను పెద్దమనిషినైనప్పుడు మా ఇంట్లో జరిగింది కూడా దాదాపు అదే. కృష్ణా జిల్లాలో ఒక పల్లె మాది. తాటాకు చాప వేసి నన్ను ఒక మూల కూర్చోబెట్టారు. పేరంటాళ్లు వచ్చి చిమ్మిలి ఉండలు తినిపించారు, పాటలు పాడారు. స్నానం చేయించిన రోజున వీధిలో షామియానా వేశారు, మైకు పెట్టారు, మా మేనమామ పట్టులంగా తెచ్చాడు, పక్క ఊరి నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఊరంతటికీ తెలిసిన ఆ సంగతి అసలేమిటో తెలియనిది నా ఒక్కదానికే. మొదటి రోజు రక్తం చూసి నాకేదో పెద్ద జబ్బు చేసిందనుకుని రాత్రంతా ఏడ్చాను. ఇది ఎందుకు వస్తుందని అమ్మను అడిగితే “ఇకమీదట జాగ్రత్తగా ఉండాలమ్మా” అంది. దేని విషయంలో జాగ్రత్తగా ఉండాలో చెప్పలేదు. ఇంటర్మీడియట్‌లో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు మా జువాలజీ మేడమ్ “ఇది తేలికే, ఇంటి దగ్గర చదువుకోండి” అని పేజీలు తిప్పేశారు. తరగతిలో ఉన్నవాళ్లమంతా ఆడపిల్లలమే.

అందుకే ‘మామ్ అండ్ డాడ్’ గురించి రాయడం నాకు కష్టంగానూ అవసరంగానూ అనిపించింది. ఆ చిత్రం చెప్పిన మాట నిజం. పిల్లలకు తెలియనివ్వకపోవడమే వారిని కాపాడటమని పెద్దలు భ్రమపడుతున్నారని, ఆ భ్రమకు మూల్యం పిల్లలు చెల్లిస్తారని అది చెప్పింది. కానీ ఆ మాట చెప్పినవాడు దాన్ని అమ్ముకోవడానికి చెప్పాడు. నిజం అబద్ధాలాడేవాడి నోట ఎందుకు పలకవలసి వచ్చిందన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

చిత్రాన్ని నిర్మించినవాడు ఒహాయో రాష్ట్రానికి చెందిన హోవార్డ్ బాబ్, అందరికీ తెలిసిన పేరు క్రోగర్ బాబ్. దర్శకుడు విలియం బోడిన్. అరవై వేల డాలర్ల పైచిలుకు ఖర్చుతో వారం తిరగకుండా చిత్రీకరణ ముగించారు. 1945 జనవరిలో ఓక్లహోమా సిటీలో మొదటి ప్రదర్శన జరిగింది. బాబ్ పెట్టుకున్న సంస్థ పేరు హైజీనిక్ ప్రొడక్షన్స్, పేరులోనే ఆరోగ్యం ఉంది. పెద్ద స్టూడియోలవారిలా అతడు చిత్రాన్ని దేశమంతటా ఒకేసారి విడుదల చేయలేదు. మన దగ్గర పూర్వం సురభి నాటకాలవాళ్లు ఊరూరా మకాం వేసినట్టుగా అతడి బృందాలు ఒక్కొక్క పట్టణానికి వెళ్లి, కొద్దిరోజులు ఆడించుకుని, మరో పట్టణానికి కదిలేవి. (సురభివారు కళ కోసం బతికారు, ఇక్కడ పోలిక ప్రయాణం మటుకే.) బృందం దిగడానికి ముందే అతడి మనుషులు ఊళ్లోకి వచ్చి గోడల మీద ప్రకటనలు అంటించేవారు. స్థానిక పత్రికలకూ చర్చి పెద్దలకూ ఆకాశరామన్న ఉత్తరాలు వెళ్లేవి. ఇలాంటి చిత్రాన్ని మన ఊళ్లోకి రానిస్తారా అని ఆగ్రహిస్తూ సాటి పౌరుడిలా ఉత్తరం రాసేది బాబ్ మనిషే. ఈ చిత్రం చూడబట్టి మా ఊళ్లో ఒక ఆడపిల్ల జీవితం నిలబడిందని పక్క పట్టణం మేయరు పేరుతో వచ్చే లేఖ కూడా అక్కడ తయారైనదే. తిట్టేవాళ్లనూ మెచ్చుకునేవాళ్లనూ కూడా అతడే సృష్టించుకునేవాడు.

ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా ఆటలు వేసేవారు. హాలులో తెల్లటి దుస్తులు వేసుకున్న నర్సులు నిలబడేవారు, ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే చూసుకోవడానికట. చాలాచోట్ల వాళ్లు ఆ ఊళ్లో కూలికి కుదుర్చుకున్న ఆడవాళ్లే, వైద్యంతో సంబంధం లేనివాళ్లే. చిత్రం మధ్యలో దీపాలు వెలిగేవి. ఆరోగ్య విషయాల్లో ప్రఖ్యాత వ్యాఖ్యాత అని ప్రకటించిన ఎలియట్ ఫోర్బ్స్ వేదిక ఎక్కి ఉపన్యసించేవాడు. ఎలియట్ ఫోర్బ్స్ అనే మనిషి లేడు. అది బాబ్ పెట్టిన పేరు. ఒకే రోజు ఒకే సమయంలో వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు ఎలియట్ ఫోర్బ్స్‌లు అదే ఉపన్యాసం ఇస్తుండేవారు. నల్లజాతివారి థియేటర్లలో అతడికి బదులు 1936 ఒలింపిక్స్ విజేత జెస్సీ ఓవెన్స్ వేదిక ఎక్కిన సందర్భాలున్నాయి. ఉపన్యాసం ముగియగానే నర్సులు వరుసల మధ్యకు వచ్చి మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటిగా రెండు చిన్న పుస్తకాలు అమ్మేవారు. బాబ్ భార్య మిల్డ్రెడ్ హార్న్ రాసిన ఆ పుస్తకాల అచ్చు ఖర్చు కొద్ది సెంట్లు, అమ్మకపు ధర ఒక డాలరు. టికెట్టు డబ్బులో థియేటరువాడికి వాటా ఉంటుంది. పుస్తకం మీద వచ్చేది మాత్రం బాబ్‌దే. చిత్రంలో కథ, ఉపన్యాసం, నర్సులు, అన్నీ ఆ పుస్తకం వైపు నడిపించే మెట్లే.

కథ నడుస్తుండగా తెర మీద విద్యాచిత్రాలుగా చెప్పే ముక్కలు వచ్చేవి. ఒక ప్రసవం, ఒక సిజేరియన్ శస్త్రచికిత్స, సుఖవ్యాధులు ముదిరిన రోగుల శరీరాలు. ప్రసవ దృశ్యాన్ని నేను రెండుసార్లు చూశాను. నలుపు తెలుపు చిత్రం, వైద్యుడి చేతులు, బయటపడుతున్న శిశువు తల, తడిసిన వెంట్రుకలు, ఆ తరువాత ఒక్కసారిగా జారి వచ్చే భుజాలు. అందులో అసభ్యత నాకు ఎక్కడా కనిపించలేదు. ఇద్దరు పిల్లల తల్లిని నేను. నా ప్రసవం రెండుసార్లూ నా ఒంటి మీదే జరిగినా, ఒక బిడ్డ ఎలా పుడుతుందో నేను కళ్లారా చూసింది ఈ చిత్రంలోనే. ఇది నిజంగా విద్యే. ఆ విద్యను బొడ్డుతాడులా కోసి, వ్యాధిగ్రస్తుల పుండ్ల పక్కన పెట్టి, నైతిక పతనం అన్న కథకు అంటించి అమ్మడమే ఆ వ్యాపారం.

బాబ్ ఈ దారి వేసినవాడు కాదు, పాత దారినే వెడల్పు చేసినవాడు. ఫ్రెంచి రచయిత యూజీన్ బ్రియూ సిఫిలిస్ మీద రాసిన నాటకాన్ని 1914లో అమెరికాలో ‘డ్యామేజ్డ్ గూడ్స్’ అనే చిత్రంగా తీశారు. దానికి ముందు ఏడాది ఆడపిల్లలను ఎత్తుకుపోయి అమ్మే ముఠాల మీద ‘ట్రాఫిక్ ఇన్ సోల్స్’ వచ్చి విపరీతంగా ఆడింది. తరువాతి కాలంలో ఈ చిత్రాల వ్యాపారం పెరిగి, చేసేవాళ్లకు ‘నలభై దొంగలు’ అనే పేరు స్థిరపడింది. చిత్రం మొదట్లో తెర మీద ఒక నీతి ప్రకటన కనిపించేది, దాన్ని వారు ‘స్క్వేర్-అప్’ అనేవారు. సమాజాన్ని పీడించే ఈ చీడను నిర్మూలించాలన్న సదుద్దేశంతోనే ఈ చిత్రం తీశామని అందులో ఉండేది. ఏ చీడనైతే నిర్మూలిస్తామన్నారో దానినే తరువాత గంటసేపు తీరిగ్గా చూపించేవారు. పోలీసులూ సెన్సారువారూ కఠినంగా ఉన్న ఊళ్లో కోసిన ప్రతి, ఉదారంగా ఉన్న ఊళ్లో పూర్తి ప్రతి ఆడేవి.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే, మోసగాళ్లను తిట్టి చేతులు దులుపుకోవడమే అవుతుంది. ఈ విషయం మీద వచ్చే రాతలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి, ఆ చిత్రాలను చూసి నవ్వుకుంటాయి. నాకు నవ్వు రాలేదు. అదే కాలంలో నిజాయితీగా చెప్పబోయినవాళ్లకు ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే నవ్వు రాదు.

1915లో అమెరికా సుప్రీంకోర్టు మ్యూచువల్ ఫిల్మ్ కేసులో, చలనచిత్రాలు కేవలం వ్యాపారమని, వాటికి భావప్రకటన స్వేచ్ఛ వర్తించదని తీర్పు చెప్పింది. 1917లో మార్గరెట్ సాంగర్ కుటుంబ నియంత్రణ మీద తీసిన ‘బర్త్ కంట్రోల్’ చిత్రాన్ని న్యూయార్క్ నగర అధికారి అడ్డుకుంటే న్యాయస్థానం అధికారినే సమర్థించింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు సుఖవ్యాధుల గురించి చెప్పడానికి ప్రభుత్వమే ‘ఫిట్ టు ఫైట్’ తీయించింది. యుద్ధం ముగిశాక దాన్ని ‘ఫిట్ టు విన్’ అనే పేరుతో మామూలు ప్రజలకు చూపబోతే, 1919లో అభ్యంతరాలు, కేసులు. స్త్రీల కోసం తీసిన ‘ది ఎండ్ ఆఫ్ ది రోడ్’ చిత్రానికి మొదట అండగా నిలిచిన ప్రభుత్వ ప్రజారోగ్య సేవాసంస్థ విమర్శలకు వెరచి తన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. ఇక 1930లో చిత్ర పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న నియమావళి ప్రొడక్షన్ కోడ్, అంటే హేస్ కోడ్, ఆ తలుపును పూర్తిగా మూసేసింది. లైంగిక ఆరోగ్యమూ సుఖవ్యాధులూ చలనచిత్రాలకు తగిన విషయాలు కావని, ప్రసవాన్ని నీడగా కూడా చూపకూడదని అందులో స్పష్టంగా రాశారు. 1934 నుంచి కోడ్ అమలు అధికారి జోసెఫ్ బ్రీన్ చేతిలో ఆ నియమాలు గట్టిగా అమలయ్యాయి.

ఈ నియమాలు ఎవరిని కట్టేశాయి? కోడ్‌కు లోబడే పెద్ద స్టూడియోలను, పేరు ప్రతిష్ఠలున్న దర్శకులను, వైద్య సంఘాలను. కోడ్‌ను లెక్కచేయక ఊరూరా తిరిగి డబ్బాలోని రీళ్లతో బతికేవాడిని అవి కట్టెయ్యలేదు. మర్యాదస్థులందరూ ఖాళీ చేసిన అంగడిలో బాబ్ లాంటివాడు ఒక్కడే మిగిలాడు. పోటీ లేదు, కొనేవాళ్లు కోట్లమంది.

1938లో గర్భిణుల సంక్షేమం కోసం ఏర్పడిన ఒక వైద్యుల సంఘం ‘ది బర్త్ ఆఫ్ ఎ బేబీ’ అనే చిత్రం తీయించింది. గర్భిణి వైద్య పరీక్షల నుంచి కాన్పు వరకు చూపిన ఆ చిత్రానికి న్యూయార్క్‌లో అనుమతి నిరాకరించారు. ఆ చిత్రంలోని బొమ్మలను ‘లైఫ్’ పత్రిక ప్రచురిస్తే ఆ సంచికను అనేక నగరాల్లో నిషేధించారు. ఏడేళ్ల తరువాత బాబ్ అలాంటి ప్రసవ దృశ్యాన్నే తన కథలో అతికించి ఊరూరా ఆడించుకున్నాడు. వైద్యుల చేతుల్లోంచి లాక్కున్నదాన్ని వ్యాపారి చేతుల్లో పెట్టినట్టయింది. 1956లో న్యూయార్క్‌లో ఒక అప్పీళ్ల న్యాయస్థానం బాబ్ చిత్రం మీది నిషేధాన్ని కొట్టేస్తూ, ప్రసవ దృశ్యం అసభ్యం కాదని తేల్చింది. ఆ మాట చెప్పడానికి అంత కాలం పట్టింది.

జర్మనీలో జరిగింది కూడా ఈ కోవకే చెందుతుంది. 1917 నుంచి రిచర్డ్ ఓస్వాల్డ్ ‘విజ్ఞానోదయ చిత్రాల’ పేరుతో సుఖవ్యాధుల మీద తీసినవి బాగా ఆడాయి. వెంటనే ఆ పేరు తగిలించుకున్న నాసిరకం చిత్రాలు వెల్లువెత్తాయి. ఆగ్రహించిన సమాజం 1920లో సెన్సారు చట్టం తెచ్చుకుంది. ఆ చట్టానికి బలైనవాటిలో ముఖ్యమైనది, 1919లో లైంగిక శాస్త్ర పరిశోధకుడు మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ తోడ్పాటుతో ఓస్వాల్డ్ తీసిన ‘అండర్స్ ఆల్స్ డీ అండర్న్’. పురుషుల మధ్య ప్రేమను నేరంగా చూసే జర్మన్ శిక్షాస్మృతి 175వ సెక్షన్ వల్ల మనుషులు బ్లాక్‌మెయిల్‌కు గురై ఎలా నలిగిపోతున్నారో చెప్పిన చిత్రమది. దాన్ని సాధారణ ప్రేక్షకులకు చూపకూడదని, వైద్యులకూ పరిశోధకులకూ మాత్రమే చూపవచ్చని ఆంక్ష విధించారు.

1934 నవంబరులో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ థామస్ పారన్ రేడియోలో ప్రసంగించవలసి ఉంది. ప్రసంగంలో ‘సిఫిలిస్’, ‘గనేరియా’ అనే మాటలు పలకకూడదని రేడియో సంస్థ షరతు పెడితే ఆయన ప్రసంగాన్ని మానుకున్నారు. రెండేళ్ల తరువాత ఆయన దేశానికే సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్య సేవాసంస్థ అధిపతి అయ్యారు, ఆ రోగం పేరును దేశమంతా బహిరంగంగా పలికేలా చేశారు. ఆయన ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. కానీ అదే కాలంలో, ఆయన నాయకత్వంలోని ప్రజారోగ్య సేవాసంస్థే అలబామాలోని టస్కీగీ పరిసరాల్లో, 1932లో మొదలుపెట్టిన ఒక అధ్యయనాన్ని కొనసాగించింది. దాదాపు 600 మంది నల్లజాతి పురుషుల్లో 399 మందికి సిఫిలిస్ ఉంది. వారికి ఆ రోగం పేరు చెప్పలేదు, ‘చెడు రక్తం’ అన్నారు. 1943లో జాన్ మహోనీ పెన్సిలిన్‌తో సిఫిలిస్ నయమవుతుందని నిరూపించిన తరువాత కూడా వారికి ఆ మందు ఇవ్వలేదు. 1972లో పత్రికల్లో బయటపడేదాకా అది సాగింది. ఒక ఊరి థియేటరులో సిఫిలిస్ పుండ్లను తెర నిండా చూపి డాలరుకు పుస్తకం అమ్ముతున్న రోజుల్లోనే, ఇంకో ఊరి ఆసుపత్రిలో ఆ రోగం ఉన్నవాడికే దాని పేరు చెప్పకుండా దాచారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, బాబ్ కంటే పెద్ద నేరస్థులు తెల్లకోట్లు వేసుకుని గౌరవంగా బతికారని నాకు అనిపిస్తుంది.

భయం గురించి కూడా చెప్పాలి. ఈ చిత్రాలు రోగాన్ని శిక్షగా చూపాయి. తప్పు చేసినవాడి శరీరం కుళ్లిపోవాలి, తప్పుదారి పట్టిన పిల్ల ఏడవాలి. పెన్సిలిన్ వచ్చి, చికిత్స చేతికందిన కాలంలో ప్రేక్షకుడికి కావలసింది ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఎన్నాళ్లు మందు వాడాలి, భార్యకు ఎలా చెప్పాలి అన్న సంగతులు. అతడు ఇంటికి మోసుకెళ్లింది మాత్రం ముదిరిన రోగుల ముఖాలను. భయపడ్డవాడు డాక్టరు దగ్గరకు వెళ్లడు, దాక్కుంటాడు.

ఆ దాక్కోవడం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. మా పెదనాన్న కొడుకు, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఉన్నట్టుండి చిక్కిపోయాడు. గుప్తరోగాలు, నరాల బలహీనత నయం చేస్తామని, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో వైద్యుడు ఉంటాడని పత్రికలో వచ్చిన ప్రకటన చూసి వెళ్లాడు. అక్కడ గోడకు తగిలించిన రంగు బొమ్మలు చూపి, నీ ఒంట్లో సత్తువ అంతా పోయింది, ఇంకో ఏడాది ఆలస్యమైతే పెళ్లికి పనికిరావు అని చెప్పారట. కాలేజీ ఫీజు డబ్బు అక్కడ కట్టేశాడు. న్యూస్‌పేపరు ముక్కల్లో కట్టిన గోధుమరంగు పొట్లాలు పుస్తకాల సంచీలో నాకు దొరికాయి. “ఎవరితోనూ అనకు అక్కా” అని బతిమాలాడు. వాడికి ఏ రోగమూ లేదు. ఆ వయసు మగపిల్లలందరికీ జరిగేదే వాడికీ జరిగింది, అది మామూలేనని ఎవరూ చెప్పలేదు, అంతే. ఇలాంటి ప్రకటనలను నిషేధించే చట్టం మన దేశంలో 1954 నుంచీ ఉంది. వాడు చూసిన ప్రకటన దాదాపు యాభై ఏళ్ల తరువాతిది.

1974లో బి.కె. ఆదర్శ్ హిందీలో ‘గుప్త్ జ్ఞాన్’ తీసినప్పుడు జనం ఎగబడ్డారంటే, ఆ జ్ఞానం ఇంకెక్కడా దొరకకపోవడమే కారణం. 2007లో బడి పిల్లలకు లైంగిక ఆరోగ్యం గురించి చెప్పే కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు అడ్డుకున్నాయి. 2009లో ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ, పాఠశాలల్లో లైంగిక విద్య ఉండకూడదని తన నివేదికలో చెప్పింది. కమిటీ సభ్యుల ఉద్దేశాన్ని నేను శంకించను, పిల్లలను కాపాడుతున్నామనే వారు నమ్మి ఉంటారు. జోన్ బ్లేక్ తల్లి నమ్మకం కూడా అదే. ఆ నమ్మకం నా తమ్ముణ్ణి లాడ్జి గదికి పంపింది.

బాబ్ చిత్రాల వల్ల ఎంతో కొంత తెలిసింది కదా, ఏమీ తెలియకపోవడం కంటే అది మేలు కదా అని కొందరు వాదిస్తారు. ఈ వాదనను నేను తేలిగ్గా తోసెయ్యను. డాలరు పెట్టి ఆ పుస్తకం కొని, చేతిసంచీలో దాచుకుని ఇంటికి తీసుకెళ్లిన ఆడవాళ్లు అమాయకులు కారు, వారికి వేరే దిక్కు లేదు. ఆ పుస్తకమే ఆ ఇంట్లో ఆ విషయం మీద ఉన్న ఏకైక కాగితం కావచ్చు. అయితే విద్యకూ ఈ వ్యాపారానికీ మధ్య గీత గీయమంటే, ఏం చూపించారన్న దాన్ని బట్టి నేను గీయను. ప్రసవాన్ని వైద్యులూ చూపారు, బాబ్ కూడా చూపాడు. విన్నవాడికి తిరిగి ప్రశ్న అడిగే చోటుందా, ఆ ప్రశ్నకు బాధ్యతగల మనిషి జవాబు చెబుతాడా అన్నదే గీత. ఎలియట్ ఫోర్బ్స్ ఉపన్యాసం చివర వచ్చేది పుస్తకాల అమ్మకం. మరునాడు సందేహం వస్తే అడగడానికి ఆ ఊళ్లో ఫోర్బ్స్ ఉండడు, అసలు ఎక్కడా ఉండడు. విజయవాడలో డాక్టర్ జి. సమరం దశాబ్దాల పాటు తెలుగు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు తన పేరుతో జవాబులు రాశారు. ఆ శీర్షికను ఇంట్లో పెద్దవాళ్లు చూడకుండా చదివినవాళ్లలో నేనూ ఉన్నాను. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవని, మొదటిరాత్రి రక్తం రాకపోవడం శీలానికి కొలత కాదని మామూలు తెలుగులో చదవడం ఎంత ఊరటో, ఆ ఊరట అవసరం పడినవాళ్లకే తెలుస్తుంది. అదే శీర్షికను నా తమ్ముడు చదివి ఉంటే ఆ ఫీజు డబ్బు కాలేజీకే చేరేది.

మా పెద్దమ్మాయికి పోయిన ఏడాది పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చింది. వాళ్ల బడిలో కూడా ఆ పాఠం ఒక్క పీరియడ్‌లో అయిపోయిందని చెప్పింది. ఆ రాత్రి ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాం. చాలావాటికి నేను జవాబు చెప్పగలిగాను. కొన్నిచోట్ల నా గొంతు తడబడింది, అది గమనించి కూడా తను ఆగలేదు. తన నెలసరి క్రమం గురించి అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం నాకు సరైన జవాబు తెలియలేదు, తెలియదనే చెప్పాను. శనివారం మా లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. “నువ్వే అడుగు” అని చెప్పి తనను లోపలికి పంపి, నేను బయట బల్ల మీద కూర్చున్నాను. పావుగంట పట్టింది.